నువ్వు పంపిన కషాయాల లిస్టు చూశాను

చిన్నా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన లిస్టు రెండుసార్లు చదివాను. పరగడుపున జీలకర్ర నీళ్లు, అరగంట ఆగి యాపిల్ సైడర్ వెనిగర్, పదకొండింటికి పసుపూ అల్లం కలిపిన షాట్, సాయంత్రం మునగాకు పొడి, పడుకునే ముందు త్రిఫల. అన్నం ఎన్నింటికి తింటావో మాత్రం అందులో ఎక్కడా లేదు. "వీటిలో ఏది మంచిది పెద్దమ్మా?" అని అడిగావు. ఫోన్లో చెబితే సగంలోనే "సరే సరే" అనేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాదు. ఏఎన్ఎంగా, అంటే ఊరూరా తిరిగే నర్సుగా, సాలూరు చుట్టుపక్కల పల్లెల్లో తిరిగినదాన్ని. భుజాన ఐరన్ మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాల సంచి, ఇంటికొస్తే మా అమ్మ పోపులపెట్టె. రెండూ ఎంతవరకు పనిచేస్తాయో, ఎక్కడ చేతులెత్తేస్తాయో దగ్గరుండి చూశాను.

ముందు నీ కడుపు సంగతి. మొన్న పండక్కి వచ్చినప్పుడు నాలుగు రోజులు గమనించాను. పదింటికి లేస్తావు. టిఫిన్ ఉండదు, టీ ఉంటుంది. మధ్యాహ్నం భోజనం మూడింటికి. రాత్రి పన్నెండింటికి ఫోన్లో బిర్యానీ తెప్పించుకుని, తిన్న చేత్తోనే ఫోన్ పట్టుకుని నడుం వాలుస్తావు. తెల్లారేసరికి గొంతులోకి పులినీళ్లు వస్తాయి, ఛాతీలో మంట. మంటగా ఉన్న కడుపులో ఇంకాస్త పులుపు పోయమని చెప్పినవాడు ఎవడ్రా? ఆ వెనిగర్ సీసా మూత తీయకు. గిన్నెల మీద మరకలు పోవడానికి పనికొస్తుంది.

తిన్నాక పడుకోవడానికి రెండు మూడు గంటల ఎడం ఉండాలి. నీకున్న జబ్బుకి సగం మందు అదే. ఆఫీసు పని పదకొండు దాకా ఉంటే ఎనిమిదిన్నరకే అక్కడే బాక్సు తెరువు. ఇంటికొచ్చాక ఆకలేస్తే గ్లాసుడు పలచటి మజ్జిగ తాగు, చాలు. తిన్న తర్వాత పది నిమిషాలు మీ అపార్ట్‌మెంట్ చుట్టూ నడువు. నడిస్తే షుగరు కూడా ఒక్కసారిగా పైకి పోదు. మీ నాన్నకి షుగరు ఉందన్న సంగతి నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోలేదు.

పొద్దున టిఫిన్ చేసుకునే తీరిక లేదంటావు కదా, అంబలికి తీరిక అక్కర్లేదు. రాత్రి రెండు చెంచాల చోడిపిండిని, అంటే రాగిపిండిని, అర గ్లాసు చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలుపు. మరో గిన్నెలో రెండు గ్లాసుల నీళ్లు మరగనిచ్చి, అందులో ఈ పిండినీళ్లు పోస్తూ కలుపుతూ ఉండు. పచ్చివాసన పోయి, గరిటెకి పలచగా అంటుకునేదాకా సన్నసెగ మీద ఉంచి దించు. మూత పెట్టేయ్. పొద్దున మజ్జిగ పోసి, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు వేసుకుని తాగు. కాస్త పులుస్తుంది, అదే దాని రుచి. ఎండాకాలం రాత్రిళ్లు మరీ వేడిగా ఉంటే చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. అక్కడ కొట్లో చోళ్లు అని అడిగితే వాడికి అర్థం కాకపోవచ్చు. రాగులు అని అడుగు, తెలంగాణలో తైదలు అంటారు. వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, పాలిష్ బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు.

అలాగని చిరుధాన్యం అంటే దేవుడి ప్రసాదం అనుకోకు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించాక, చిన్నప్పుడు మేం పేదింటి తిండి అని సిగ్గుపడి దాచుకుని తాగిన అంబలి ఇప్పుడు రంగు డబ్బాల్లో అమ్ముతున్నారు. రాగి బిస్కెట్ అని కొంటావు, డబ్బా వెనక చదివితే ముందు మైదా, తర్వాత పంచదార, ఎక్కడో చివర రాగి. చోళ్లు కూడా పిండిపదార్థమే. షుగరు ఉన్నవాళ్లు నాలుగు ముద్దల సంగటి తింటే షుగరు పెరగకుండా ఉండదు.

అన్నం మానేశానని గొప్పగా చెప్పావు కదా, దాని గురించి ఓ మాట. నువ్వు ఎక్కే మెట్రో తార్నాకలో ఆగుతుంది, అక్కడ జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది ఎలా పుట్టిందో తెలుసా? 1918లో కూనూరులో మెకారిసన్ అనే తెల్ల డాక్టరు ఒక్క గదిలో బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకి వచ్చింది. ఆ బెరిబెరి మన కోస్తా జిల్లాల్లో బాగా ఉండేది. కాళ్లు పొంగి, తిమ్మిరెక్కి, గుండె నీరసించి పోయేవారు. మరపట్టి తెల్లగా చేసిన బియ్యం, దాన్ని నాలుగైదుసార్లు కడగడం, ఉడికాక గంజి వంచి పారబోయడం, వీటితో బి1 విటమిన్ అంతా కాలవలో పోయేది. అన్నం తప్పు కాదు, దాన్ని అలా పీల్చి పిప్పి చేయడం తప్పు. ఒకసారి కడుగు, మహా అయితే రెండుసార్లు, చాలు. సరిపడా నీళ్లతో అత్తెసరు పెట్టుకో. వీలైతే ఒంటిపట్టు బియ్యం, అంటే ఒక్కసారే పాలిష్ పట్టినవి, కొనుక్కో. కంచంలో సగం కూర, పప్పు ఉండేలా చూసుకుంటే మిగతా సగంలో అన్నం ఉన్నా భయం లేదు.

మునగాకు పొడి ఆరొందలు పెట్టి కొన్నావట. ఇంటి వెనక చెట్టు ఉంటే ఆషాఢంలో దులుపుకుని పప్పులో వేసుకునేవాళ్లం, దానికి డబ్బా కట్టి స్టిక్కరు వేశారు. సరే, కొన్నావు కాబట్టి పారేయకు, పప్పులో వేసుకో. వారంలో నాలుగు రోజులు ఏదో ఒక ఆకుకూర, తోటకూరో చుక్కకూరో పొన్నగంటో, పప్పులో పడాలి. పైన నిమ్మరసం పిండుకో. ఆకుకూరలో ఇనుము ఒంటికి పట్టాలంటే ఆ పులుపు సాయం చేస్తుంది. తిన్న వెంటనే టీ తాగితే మాత్రం ఆ ఇనుము సరిగా పట్టదు. ఇది నేను పుస్తకంలో చదివి వదిలేసిన సంగతి కాదు. గర్భిణులకు ఐరన్ మాత్రలు ఇచ్చి వచ్చేదాన్ని, రెండు నెలలైనా రక్తం పెరిగేది కాదు. మాత్ర దాచేస్తున్నారేమోనని కోప్పడేదాన్ని. ఓ రోజు ఒకావిడ ఇంట్లో కూర్చుంటే తెలిసింది, పాపం మాత్ర రోజూ వేసుకుంటోంది, వేడి వేడి టీతో. అప్పట్నించీ మాత్రతో పాటు "టీ గంట తర్వాత" అనే మాట కూడా ఇచ్చేదాన్ని.

ఆవకాయ జాడీ అడిగావు. పంపను. కోపం తెచ్చుకోకు, చిన్న సీసా పంపుతాను. ఉప్పు రోజుకి మొత్తం మీద ఐదు గ్రాములు, అంటే ఒక టీస్పూను, దాటకూడదంటారు. బయటి బిర్యానీ, ఆవకాయ, అప్పడం, చిప్స్ కలిస్తే నీది ఎక్కడికి పోతుందో లెక్క వేసుకో.

ఇక చిట్కాలు. నేనూ వాడతాను, కాదనను. కడుపు ఉబ్బరంగా ఉంటే చిటికెడు వాము, రెండు ఉప్పు రాళ్లు నమిలి వేడినీళ్లు తాగు. జలుబుకి సొంఠి కాఫీ, మిరియాల చారు. జలుబు అవి తాగినా తాగకపోయినా వారానికి పోతుంది, కానీ ఆ వారం గొంతుకి హాయిగా ఉంటుంది, అన్నం సహిస్తుంది. గొంతునొప్పికి గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలించు. అజీర్తి చేస్తే ఒక పూట కడుపు మాడ్చు, లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు. అది తిన్నది అరగనప్పుడు చెప్పిన మాట. జ్వరం వచ్చిన పిల్లల్నీ, షుగరు మాత్రలు వేసుకునేవాళ్లనీ పస్తు పెట్టడానికి కాదు.

విరేచనాలైతే చూసుకోవడానికి పక్కన పెద్దవాళ్లెవరూ ఉండరు కాబట్టి ఇది రాసి ఫ్రిజ్ మీద అంటించు: లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, చెంచా తలకొట్టి, అంచుకి సమంగా కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, అందుకే అందాజుగా వేయొద్దంటున్నాను. విరేచనం అయినప్పుడల్లా కొంచెం కొంచెంగా తాగు. ఎన్ని ఊళ్లలో ఎంతమంది తల్లులకి ఇది కలిపి చూపించానో లెక్క లేదు. నేను చూసిన మందులన్నిటిలో ఇంత చవగ్గా ఇంత మంది పిల్లల్ని నిలబెట్టింది ఇంకోటి లేదు.

చేయకూడనివి కూడా విను. నూనె చింది చెయ్యి కాలితే పసుపు, టూత్‌పేస్టు రాయకు. పంపు కింద చల్లనీళ్ల ధారలో ఇరవై నిమిషాలు పెట్టు. చెవిపోటుకి వేడినూనె పోయకు. మీ అక్క బిడ్డకి దగ్గని తేనె నాకించొద్దని చెప్పు, వాడికి ఏడాది నిండాలి. ఏడాది లోపు పిల్లలకి తేనెతో పక్షవాతం లాంటి విషం సోకవచ్చు. పసుపు కూరలో వేసుకునేంత మంచిదే, మాత్రల రూపంలో మింగితే కొందరికి లివరు దెబ్బతింటుంది.

పచ్చకామెర్లకి పసరు గురించి అడిగావు, మీ రూమ్మేట్ కోసమా? ఆ పసరుకి అంత పేరు ఎందుకొచ్చిందో చెబుతాను. చెడ్డ నీళ్ల వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. తగ్గేది ఒళ్లు, పేరు వచ్చేది పసరుకి. కానీ కామెర్లన్నీ ఒకటి కావు. హెపటైటిస్ బి ఉంటుంది, పిత్తాశయంలో రాళ్లుంటాయి. పసరు తాగుతూ కూర్చుంటే రోజులు పోతాయి, కొన్ని పసర్లు లివరుని ఇంకా పాడుచేస్తాయి. ముందు రక్త పరీక్ష చేయించమను.

ఇంత తెలిసిన నేను చేసిన పని ఒకటి ఉంది. మీ పెదనాన్న సంగతి నీకు సగమే తెలుసు. ఓ పెళ్లి భోజనం తిని వచ్చిన రాత్రి ఛాతీలో మంట అన్నారు. చెమటలు పట్టాయి, దవడ బరువుగా ఉందన్నారు. నేను గ్యాస్ అన్నాను. వాము నమిలించాను, సోడా తాగించాను, వీపు రాశాను. అలా రెండు గంటలు. ఊళ్లో ఎవరికైనా అదే బాధ వస్తే "పరుగెత్తండి" అనే దాన్నే, మా ఇంట్లో వచ్చేసరికి పోపులపెట్టె తెరిచాను. అది గుండెపోటు. బతికారు, స్టెంటు వేశారు. ముందే తెచ్చి ఉంటే గుండె ఇంత దెబ్బతినేది కాదన్నాడు డాక్టరు. ఆయన నన్ను ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. నేను వాము డబ్బా తీసినప్పుడు మాత్రం ఓసారి నా వంక చూస్తారు.

కాబట్టి నువ్వు ఇది గుర్తుపెట్టుకో. మంట చెమటతో వచ్చినా, చేతికో దవడకో పాకినా, ఆయాసం ఉన్నా 108కి చెయ్యి, నాకు కాదు. మలం నల్లగా వెళ్లినా, మింగుడు పడకపోయినా, ఒళ్లు ఊరికే తగ్గిపోతున్నా డాక్టరు దగ్గరికి వెళ్లు. నీ అంతట నువ్వే కొనుక్కుని గ్యాస్ మాత్ర రెండు వారాలకు మించి మింగుతున్నావంటే అప్పుడూ వెళ్లాలి, ఇప్పటికే ఎన్ని వారాలైందో నిజం చెప్పు. జ్వరం మూడో రోజుకి దిగకపోతే పరీక్ష. డెంగీ అని తేలితే బొప్పాయి ఆకు రసం మీద నమ్మకం పెట్టుకుని ఇంట్లో ఉండకు, ప్లేట్లెట్లు చూసేవాళ్ల కళ్ల ముందు ఉండు.

నీ లిస్టులో జీలకర్ర నీళ్లు ఉంచుకో, నష్టం లేదు. మిగతావి కొట్టేయ్.

ఎదురింటి వాళ్ల అబ్బాయి శనివారం విశాఖలో రైలెక్కి ఆదివారం పొద్దున సికింద్రాబాదులో దిగుతున్నాడు. రెండు కేజీల చోడిపిండి, అరకేజీ కందిపప్పు, చిన్న సీసా ఆవకాయ పంపుతున్నాను. పిండిని జల్లెడ పట్టకు, పొట్టుతోనే బాగుంటుంది. తడి చెంచా పెట్టకు. మొదటిసారి ఉండలు కడితే పారేయకుండా మజ్జిగ పోసి చిలికెయ్, పోతాయి. వాడు దిగేవేళకి స్టేషన్‌కి వెళ్లు, ఐదో బోగీ అట.

మీ పెద్దమ్మ