గూడేల్లో, తండాల్లో ఆత్మహత్యల్ని ఊరివాళ్లే ఆపగలరా?

ఏటూరునాగారం, ఉట్నూరు వైపు మానసిక వైద్యులు అందుబాటులో లేనప్పుడు ఆత్మహత్యలు ఆపడానికి ఊరు ఏం చేయగలదని ఒకరు అడిగారు. చాలానే చేయగలదు.

మొదట పురుగుమందు సంగతి చూడాలి. పత్తి వేసే ఇళ్లలో డబ్బా చేతికందే చోటే ఉంటుంది. చావాలన్న ఆవేశం చాలామందిలో కొద్దిసేపే తీవ్రంగా ఉంటుంది. ఆ కాసేపు మందు దొరక్కపోతే ప్రాణం నిలుస్తుంది, అలా బతికినవాళ్లలో ఎక్కువమంది తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. శ్రీలంక అత్యంత విషపూరితమైన మందుల్ని నిషేధిస్తూ వచ్చింది. 1995 తర్వాత రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులు తగ్గింది. మన దగ్గర అవసరమైనంతే కొనడం, మిగిలింది తాళం వేసి ఉంచడం రేపే మొదలుపెట్టొచ్చు.

తర్వాత మాట. "సచ్చిపోవాలనిపిస్తుందా బిడ్డా?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు, బరువు దిగుతుంది. గూడెం పటేలో, తండా నాయకో, ఆశా కార్యకర్తో అడగాలి, అదీ ఇంటి భాషలో: గోండీ, కోయ, లంబాడీ. గట్టిగా అనుమానం ఉంటే మనిషిని ఒంటరిగా వదలకండి.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, స్వపరిపాలన, సొంత సాంస్కృతిక కేంద్రాలు ఉన్న ఆదివాసీ సమూహాల్లో యువత ఆత్మహత్యలు చాలా తక్కువని చాండ్లర్, లాలోండ్ అనే పరిశోధకులు 1998లో చూపారు. అందుకే పోడు పట్టా, గ్రామసభ కూడా ఈ పనిలో భాగమేనని నా గట్టి అభిప్రాయం.

ఎవరైనా ఆత్మహత్యాయత్నం చేస్తే, కేసు అవుతుందని దాచకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం అలాంటివాళ్లని సాధారణంగా శిక్ష నుంచి రక్షిస్తుంది. పురుగుమందు తాగితే వెంటనే 108. మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఉచితం, రాత్రింబవళ్లు, తెలుగులో.