బడి వదిలే వేళే అసలు చిక్కు

మంగళగిరి నుంచి విజయవాడ బెంజి సర్కిల్ దాకా బాబును తీసుకువెళ్లలేక స్పీచ్ థెరపీ (మాటలు పలికించే శిక్షణ) తరగతులు సగం పోతున్నాయని రాశారు. అది మీ అశ్రద్ధ కాదండీ. సాయంత్రం నాలుగున్నరకు మూడేళ్ల పిల్లవాడికి ఓపిక ఎక్కడిది? మా పాప బస్సు వారధి దాటేలోపే ఒళ్లో నిద్రపోయేది. లేపి కూర్చోబెడితే మాట పలకకపోగా బొమ్మల కార్డులు నేలకేసి కొట్టేది. బడిలో ముందే చెప్పి, థెరపీని ఉదయం తొమ్మిదిన్నరకు మార్పించుకున్నాం. మీరూ అడగండి. వారంలో రెండో తరగతి వీడియో కాల్‌లో కుదురుతుందేమో కూడా కనుక్కోండి.

ఖర్చే అడ్డమైతే, 2013లో మొదలైన ప్రభుత్వ ఆరోగ్య పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లలకు పరీక్షలు, చికిత్స ఉచితం. మాటల ఆలస్యమూ అందులో ఉంది. అంగన్‌వాడీలో అడగండి.

‘వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి’ అనే మీ అత్తగారిని ఒకసారి వెంట తీసుకువెళ్లండి. మా అత్తయ్య అలా చూసి వచ్చాకే, ఇంట్లో సాధన తానే చేయించడం మొదలుపెట్టారు.