ఇంజను ఆగిననాడు చూడవలసిన వేగాలు

కావలి

చిరంజీవి అల్లుడికి,

ఆశీస్సులు. రెండింజన్ల విమానం మీద శిక్షణ మొదలు కాబోతున్నదనీ, వేగాల పేర్లన్నీ కంఠస్థం చేశాననీ రాశావు. సంతోషమే కానీ, ఏ వేగం దేనికి హద్దో తెలియకపోతే ఆ పేర్లు పరీక్ష హాలు దాటి రావు. (ఫోనులో నువ్వు విమాన వేగం ‘తొంభై నాట్లు’ అనగానే మీ అమ్మమ్మ ‘ఎన్నెకరాల్లోరా?’ అని అడగడం తలచుకొని ఇంకా నవ్వుకుంటున్నాం.)

జెట్ విమానం పైకి లేవడానికి రన్‌వే మీద పరుగెత్తేటప్పటి వీ-వన్‌ను, ఆగాలా లేవాలా అన్న నిర్ణయం తీసుకునే వేగం అంటారు. నా దృష్టిలో ఆ మాట కుర్రవాళ్ళను తప్పుదోవ పట్టిస్తుంది. ఆగదలచుకుంటే, ఆ వేగం వచ్చేసరికే ఆపడానికి మొదటి చర్య జరిగిపోయి ఉండాలి. అక్కడికి వచ్చాక ఆలోచన మొదలుపెడితే మిగిలిన రన్‌వే చాలదు. అందుకే ‘వీ-వన్’ అన్న పిలుపు వినగానే కెప్టెన్, ఇంజను శక్తిని పెంచి తగ్గించే థ్రస్ట్ లీవర్ల మీది నుంచి చేయి తీసేస్తాడు. బరువు, రన్‌వే తడి, ఎండ మారితే ఈ అంకె కూడా మారుతుంది కనుక, నిన్నటిది నేటికి వాడకూడదు. ముక్కు ఎత్తే వేగం వీ-ఆర్. ఒక ఇంజను పోయినా, రన్‌వేకు 35 అడుగుల ఎత్తు చేరేసరికి అందుకోవలసినది వీ-టూ.

ఒక ఇంజను పోయినా ఆగగలం, లేదా లేవగలం అన్న ఆ హామీలేవీ నువ్వు నడపబోయే చిన్న విమానానికి లేవు. చక్రాలు నేల వీడకముందే ఇంజను పోతే రెండు థ్రాటిళ్ళూ (ఇంజను శక్తి మీటలు) మూసి ఆగడమే. గాలిలోకి లేచాక నీకు దిక్కు వేగసూచిక మీది రెండు గీతలు. ఎర్రగీత వీఎంసీఏ: అంతకన్నా వేగం తగ్గితే తోక మీది చుక్కాని, అంటే రడ్డరు, పూర్తిగా తొక్కినా ముక్కు తిరగడం ఆగదు, బాగున్న ఇంజనే విమానాన్ని తిరగేస్తుంది. పైగా ఆ అంకె, పనిచేసే ఇంజను వైపు విమానాన్ని 5 డిగ్రీలకు మించకుండా వాల్చి లెక్కకట్టినది. రెక్కలు సమంగా ఉంచితే అసలు హద్దు ఇంకా పైకి పోతుంది. నీలిగీత, ఒకే ఇంజనుతో అన్నిటికంటే బాగా ఎత్తుకు ఎక్కించే వేగం. ఇంజను ఒకటి పోతే సగం శక్తే పోయినా, ఎక్కే సత్తువలో 80 శాతం దాకా పోతుంది. శిక్షణలో నేనూ ఎత్తు మీద ఆశతో ముక్కు ఎత్తి, చూస్తుండగానే వేగాన్ని నీలిగీత కిందికి జార్చుకున్నాను. గురువుగారు మాట్లాడకుండా కంట్రోలు ముందుకు నెట్టారు. ఎత్తు కోసం వేగాన్ని అమ్ముకోకు.

దిగేటప్పుడు, రన్‌వే చేరతామని రూఢి అయ్యేదాకా నీలిగీతను వదలకు. పూర్తి ఫ్లాపులు (తక్కువ వేగంలోనూ విమానాన్ని నిలిపేందుకు రెక్కల వెనుక అంచున దించే పలకలు) ఆ తరువాతే. అవి దించాక ఒక ఇంజనుతో మళ్ళీ పైకి లేవడం చిన్న విమానాల్లో చాలావాటికి సాధ్యం కాదు. జెట్లు వీ-రెఫ్‌తో, అంటే స్టాల్ వేగానికి (అంతకు తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగానికి) సుమారు 1.23 రెట్లతో దిగుతాయి. పనిచేసేది ఒక ఇంజనే అయితే సాధారణంగా ఫ్లాపులు తక్కువ దించుతారు, కనుక ఆ అంకె పెరుగుతుంది.

నీ విమానం చేతిపుస్తకంలోని ఎర్రగీత, నీలిగీతల అంకెలను, అవి ఏ బరువుకు ఇచ్చారో కూడా కలిపి, వచ్చే ఉత్తరంలో రాసి పంపు.

నీ మేనమామ