“అండ్ సన్”లో ఆ “అండ్” ఎక్కడ?

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మద్రాసు ఆర్కిటెక్టులు చితలే తండ్రీకొడుకుల మీద తెలుగులో రాయాలనుకున్నావు, అదే ముచ్చటేసింది. మద్రాసు అనేసరికి మనవాళ్లకి పానగల్ పార్కు, సినిమా స్టూడియోలు, ఆంధ్రపత్రిక తప్ప ఇంకోటి గుర్తురాదు. కానీ రెండో పేరాలో “తండ్రికి తగ్గ తనయుడు” అన్నావే, అది కొట్టేశాను. సన్మానపత్రంలో మాట అది. అది పడ్డాక రాసేవాళ్లు ఇక తలెత్తి చూడరు.

ఎల్.ఎం. చితలే గారు మద్రాసులో ప్రాక్టీసు పెట్టింది 1932లో. దొరల కంపెనీలు రాజ్యమేలుతున్న రోజులు. అలాంటి ఊళ్లో ఒక మరాఠీ ఆయన బోర్డు కట్టారు. కొడుకు ఎస్.ఎల్. చితలే చేతికి అందొచ్చాక ఆఫీసు పేరులో “అండ్ సన్” అని చేరింది. నీ వ్యాసంలో తండ్రి ఉన్నారు, కొడుకు ఉన్నారు. మధ్యలో ఆ “అండ్” లేదు. నాకు కావలసింది అదీ.

ఇక మౌంట్ రోడ్డులో ఎల్ఐసీ భవనం. “చితలే కట్టిన” అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నేనూ నీ వయసులో ఒక వారపత్రికకి అచ్చం అలాగే రాసి పంపాను. వారం తిరక్కుండా కార్డు వచ్చింది. రాసినాయన ఒక ఆఫీసులో డ్రాయింగులు గీసి రిటైరైన పెద్దమనిషి. “బాబూ, మొదట గీసింది బ్రౌన్, మౌలిన్ అనే ఇద్దరు. పూర్తిచేసింది చితలే. గీసినవాణ్నీ పూర్తిచేసినవాణ్నీ ఒకే గాట కట్టకు.” అంతే, మూడు వాక్యాలు, ఎక్కువా కాదు తక్కువా కాదు. చెవులు కాలిపోయాయి నాకు.

తర్వాత చూస్తే అసలు కథంతా అందులోనే ఉంది. తన ఇన్సూరెన్సు కంపెనీ కోసం కట్టించడం మొదలుపెట్టిన చిదంబరం చెట్టియార్ 1954లో విమాన ప్రమాదంలో పోయారు. 1956లో లైఫ్ ఇన్సూరెన్సు కంపెనీలన్నీ ప్రభుత్వం తీసేసుకుని ఎల్ఐసీ చేసింది. యజమాని మారి, ఆర్కిటెక్టు మారి, 1959లో గానీ తలుపులు తెరుచుకోలేదు. అప్పటికి దేశంలో అంత ఎత్తు భవనం ఇంకోటి లేదు, 177 అడుగులు. ఒకరు ఎత్తుకున్న పాటని ఇంకొకరు చరణంలో అందుకోవడం ఎంత కష్టమో నీకు చెప్పాలా? తండ్రి ఆఫీసులో కూర్చున్న కొడుకుదీ అదే పని కాదూ. నీ వ్యాసానికి తలుపు అక్కడుంది, నువ్వు కిటికీలోంచి దూరావు.

ఆ కార్డు పెద్దాయన్ని వెతుక్కుంటూ వెళ్లాను. ట్రేసింగ్ పేపర్ మీద ఇంకు గీత తప్పితే రబ్బరుతో పోదట. బ్లేడు పెట్టి మెల్లగా గీరి, ఆ చోటు గోటితో నున్నగా రుద్ది, మళ్లీ గీయాలి. ఎంత నేర్పున్నా ప్రింటు తీస్తే అక్కడ మచ్చ కనబడుతుంది. “ఎవరి గీత ఎవరు దిద్దారో ఆ మచ్చలే చెబుతాయి” అంటూ బొటనవేలి గోరు చూపించారు, అరిగిపోయి ఉంది. ఆ గోరు నీ వ్యాసంలో ఉండుంటే విశేషణాలు సగం వాటంతట అవే రాలిపోయేవి.

ఇంకొకటి, “వాస్తుశిల్పి” అని పదకొండుసార్లు రాశావు. తప్పు కాదు. కానీ ఆ మాట వినగానే మనవాళ్లు ఈశాన్యం మూల బరువెందుకు పెట్టారని అడుగుతారు. ఆర్కిటెక్టు అను చాలు. పునాది, శ్లాబు, సెంట్రింగు, పిట్టగోడ – మేస్త్రీలనే మాటలే వాడు.

మా మామయ్య ఒక కథ చెప్పేవాడు. పల్లెటూరాయన మౌంట్ రోడ్డులో నిలబడి ఎల్ఐసీ అంతస్తులు లెక్కపెడుతున్నాడట. ఒకడొచ్చి, “లెక్కపెడితే అంతస్తుకి రూపాయి జరిమానా. ఎన్ని లెక్కపెట్టావ్?” అన్నాడు. “ఏడు” అని ఏడు రూపాయలిచ్చి, ఇంటికెళ్లి పెళ్లాంతో, “పద్నాలుగూ లెక్కపెట్టేశానే, వెధవకి తెలీదు!” అన్నాడట.

ఈ ఆదివారం ఎల్ఐసీ మెట్రో స్టేషన్లో దిగు. అక్కడుంటాను. నోటుబుక్కు, గొడుగు తెచ్చుకో. ఎండలో నిలబడి లెక్కపెట్టాలి. ఎవడైనా వచ్చి అడిగితే ఏడనే చెబుదాం.