బాబు చెల్లెలిని కొడుతున్నాడు, ఫోను పగలగొట్టేయాలా? - సమాధానం

నమస్కారమండీ. ఎనిమిదేళ్ల బాబు పోట్లాటల వీడియోలు చూసి చెల్లెలిని తన్నుతున్నాడని, ఫోను పగలగొట్టాలనిపిస్తోందని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. కోపం వస్తే వస్తువులు పగలగొట్టవచ్చని వాడు మీ దగ్గరే నేర్చుకుంటాడు.

మీ అనుమానం మాత్రం నిజమే. 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. పెద్దవాళ్లు గాలిబొమ్మను సుత్తితో కొట్టడం చూసిన పిల్లలు అవే దెబ్బలతో, అవే మాటలతో బొమ్మ మీద పడ్డారు. 1963లో సినిమాగా చూపించినా అంతే. 1965 నాటి ప్రయోగం మీకు ఇంకా ఉపయోగం: కొట్టినవాడికి శిక్ష పడటం చూసిన పిల్లలు అంతగా అనుకరించలేదు.

అందుకే పక్కన కూర్చుని చూడండి. మా వాడు దిండును గుద్దుతున్న రోజుల్లో వీడియో ఆపి, "దెబ్బ తిన్నవాడికి ఎక్కడ నొప్పి?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి దవడ పట్టుకుని, "ఇక్కడ. అన్నం నమలలేడు" అన్నాడు. ఆ తర్వాత గుద్దడం తగ్గింది.

మీ పెద్దబ్బాయి పోట్లాటల వీడియో గేములు ఆడి నేరస్థుడవుతాడేమోనని కూడా రాశారు; ఆ భయం వద్దు. అరవడం, తోయడం వంటి దుడుకుతనంతో అలాంటి ఆటలకు కొద్దిపాటి సంబంధం ఉందని, తీవ్ర హింసతో ముడిపెట్టడానికి తగిన ఆధారాలు లేవని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2020లో చెప్పింది.

చిన్నవాడు బడిలోనూ కొడుతుంటే పిల్లల మానసిక వైద్యుడికి చూపించండి. ఈలోగా పడుకునే ముందు ఫోను ఇవ్వకండి.