బిస్కెట్ లేపి చూశావా?

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ పీచ్ కాబ్లర్ వ్యాసం చేరింది, అదే, పీచ్ పళ్ళ ముక్కల మీద పిండి ముద్దలు పెట్టి ఓవెన్‌లో కాల్చే ఇక్కడి తీపి వంటకం గురించి రాసింది. రెండుసార్లు కూర్చుని చదివాను. మూడోసారి వంటింటి గట్టు మీద పెట్టుకుని, నువ్వు రాసింది రాసినట్టే చేశాను. కథయితే చదివి మాట చెప్పొచ్చు, వంట గురించి రాసింది వండితేగానీ తెలీదు. అన్నట్టు, ‘మేడమ్ గారికి’ అని మొదలుపెట్టావు. సెలవు చీటీలా ఉంది. పిన్నీ అను, చాలు.

బాగున్నది ముందు చెప్తాను. తోట దగ్గర బుట్టెడు పళ్ళు కొని ఒళ్ళో పెట్టుకుని వస్తుంటే, వాటి తోలు మీది నూగు మోచేతులకు అంటుకుని ఇల్లు చేరేదాకా దురద పెట్టిందని రాశావే, ఆ వాక్యం చూసి నాకు కాస్త కుళ్ళు పుట్టింది. ముప్పై ఏళ్ళుగా అమెరికాలోని ఈ జార్జియాలో పీచ్‌లు తింటున్నాను, ఆ దురద సంగతి ఒక్కసారీ రాయలేదు. అలాంటివి ఇంకో రెండు దొరికి ఉంటే ‘అమృతతుల్యం’, ‘నోరూరించే’, ‘స్వర్గం దిగివచ్చినట్టు’ అనే మాటల అవసరం నీకు పడేది కాదు. ఆ మూడూ కొట్టేశాను. ‘మా బామ్మ చేతి వంట గుర్తొచ్చింది’ అన్నది కూడా కొట్టేశాను. మీ బామ్మ ఓవెన్ ముఖం చూసిందా? నిజంగా గుర్తొస్తే ఎందుకు గుర్తొచ్చిందో రాయి, లేకపోతే ఆవిడని ప్రశాంతంగా వదిలెయ్.

ఇక అసలు సంగతి. నువ్వు చెప్పినట్టే 40 నిమిషాలకి బయటికి తీశాను. పైన చూడముచ్చటగా ఎర్రబడింది. ఫొటో తీస్తే అచ్చం నీ ఫొటోలాగే వచ్చేది. అప్పుడు పళ్ళెం నడిమధ్యలో ఉన్న ఒక బిస్కెట్‌ని, అంటే కాలిన పిండి ముద్దని, చెంచాతో లేపి తిరగేశాను. కింద అర అంగుళం మందాన పచ్చిపిండి, చలిమిడిలా జిగురుగా. పైన పటారం, లోన లొటారం. నువ్వు లేపి చూశావా? అంచున ఉన్నది తిని ఉంటావు. అంచున ఎప్పుడూ ఉడుకుతుంది. చూడకుండా రాశావంటే అది కొత్తదనం, పోతుంది. చూసి, ఫొటో బాగుంది కదా అని రాయకుండా ఊరుకుంటే మాత్రం అది అలవాటవుతుంది, దానితోనే నాకు భయం.

నాకూ సరిగ్గా ఇలాగే అయింది. ఇక్కడికి వచ్చిన కొత్తలో మా వీధిలో ఒక పెద్దావిడ ఉండేది. నల్లజాతి ఆవిడ, ఇక్కడి మేకన్ అనే ఊరి దగ్గరి పల్లెలో పుట్టి పెరిగింది. వేసవి వచ్చిందంటే ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక వాళ్ళింట్లో కాబ్లర్ ఉండాల్సిందే. అంతటి మనిషికి నేనే కాబ్లర్ చేసి పట్టుకెళ్ళాను, ధైర్యం చూడు. ఒక చెంచా తింది. రెండో చెంచాతో బిస్కెట్‌ని తిరగేసి చూసింది. ఏమీ అనలేదు. శనివారం నీ పళ్ళెం తీసుకుని మా ఇంటికి రా, అంది. అంతే.

ఆ శనివారం నేర్చుకున్నదే ఇప్పటికీ చేస్తున్నాను. పళ్ళ ముక్కల్ని ముందు వాటంతట వాటినే ఓవెన్‌లో పెట్టాలి. 200 డిగ్రీల సెల్సియస్‌లో 15 నుంచి 20 నిమిషాలు, అంచుల దగ్గర రసం బుడగలు వచ్చేదాకా. పిండి ముద్దలు ఆ కాగుతున్న పళ్ళ మీద పడాలి. నువ్వు చల్లటి పళ్ళ మీద పెట్టమన్నావు. అలా పెడితే పిండి పైభాగానికి సెగ తగులుతూ ఉంటుంది, అడుగుభాగం మాత్రం చల్లటి రసంలో నానుతూ కూర్చుంటుంది. ఆ రసం వేడెక్కేసరికి పైన మాడడానికి సిద్ధంగా ఉంటుంది. పళ్ళు ముందే కాగి ఉంటే కింది నుంచి ఆవిరి, పై నుంచి సెగ. సగం ఇడ్లీ, సగం రొట్టె అనుకో. ఆ ఆవిరి పోవడానికి ముద్దకీ ముద్దకీ మధ్య వేలెడు సందు ఉంచాలి. నీ ఫొటోలో ముద్దలు బస్సులో జనంలా ఉన్నాయి.

ఉడికిందని ఎలా తెలుస్తుంది? ‘40 నిమిషాలు’ అన్నది నీ ఓవెన్ చెప్పే మాట. విజయవాడలో ఎవరింట్లోనో గట్టు మీద ఉన్న చిన్న కరెంటు ఓవెన్‌కి, ఆ ఓటీజీకి, ఆ లెక్క తెలీదు. పళ్ళెం మధ్యలో రసం ఎలా ఉడుకుతోందో రాయి. మొదట నీళ్ళు కాగినట్టు చిన్న బుడగలు గబగబా వస్తాయి. కార్న్‌ఫ్లోర్ ఉడికాక గంజి కుతకుతలాడినట్టు పెద్ద బుడగలు నెమ్మదిగా లేచి పగులుతాయి, తెల్లగా మసకగా ఉన్న రసం తేటపడి నిగనిగలాడుతుంది. గంజి వార్చిన ప్రతి తెలుగు మనిషికీ ఇది చటుక్కున అర్థమవుతుంది. ఆ తర్వాత మధ్య బిస్కెట్‌ని లేపి చూడమను. వంటింటి థర్మామీటరు ఉన్నవాళ్ళకి బిస్కెట్ లోపల 93 డిగ్రీలు రావాలని చెప్పు. తీసిన వెంటనే వడ్డించొద్దని కూడా చెప్పాలి. అరగంట ఆగితేనే రసం చిక్కబడుతుంది. నీ వ్యాసంలో ‘పొగలు కక్కుతుండగా’ వడ్డించావు. నీళ్ళ చారు వచ్చి ఉంటుందే?

ఇప్పుడు మాట దగ్గరికి వద్దాం. ‘పైన బిస్కెట్లు పరచండి’ అని రాశావు. చాలా ఏళ్ళ క్రితం ఒక పత్రికకి నేనూ ఇదే వాక్యం రాశాను. తెనాలి నుంచి ఒకావిడ ఉత్తరం రాసింది: మీరు చెప్పినట్టే మారీ బిస్కెట్లు పరిచి చేశానండీ, రుచి బాగానే ఉంది గానీ మీరన్నట్టు పొంగలేదు, అని. తప్పు ఆవిడది కాదు. మనకి బిస్కెట్ అంటే టీలో ముంచుకునేది. అమెరికా దక్షిణాది వాళ్ళకి బిస్కెట్ అంటే ఈస్ట్ లేకుండా బేకింగ్ పౌడర్‌తో పొంగే మెత్తటి, పొరలు పొరలుగా విడివడే చిన్న రొట్టె. ఆ ఒక్క వాక్యం మొదట్లోనే రాసేస్తే తర్వాత హాయిగా బిస్కెట్ అనే అనుకోవచ్చు. నువ్వు ఇంకోచోట ‘పొంగురొట్టె’ అని కొత్త మాట కట్టావు. ముచ్చటగానే ఉంది గానీ, ఆ మాటతో ఎవరూ కొట్లో అడగరు, ఎవరూ వెతకరు. కేకుని, బన్నుని, కాఫీని ఎలా ఉన్నవాటిని అలాగే తెచ్చుకున్నాం, కాబ్లర్‌ని కూడా అలాగే రానియ్. పైన ఎగుడుదిగుడుగా రాళ్ళు పరిచిన వీధిలా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. అది చెప్పు, చదివేవాళ్ళకి పళ్ళెం కళ్ళకి కడుతుంది.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ‘బటర్‌మిల్క్’ దగ్గర ఉంది. నువ్వు ‘మజ్జిగ’ అని రాసి ముందుకు పోయావు. ఇక్కడి సీసాలో వచ్చేది చిక్కగా, పుల్లగా ఉంటుంది. మన మజ్జిగ పోస్తే ఆ పిండి దోసెలకి పనికొస్తుంది. మూడు వంతుల పెరుగులో ఒక వంతు పాలు కలిపి గిలక్కొట్టమను.

ఆ తర్వాత నా పెన్సిలు విరిగినంత పని చేసిన వాక్యం: ‘పిండి బాగా కలపండి’. ఎవరికి రాస్తున్నావు? చపాతీ పిండి పిసికీ పిసికీ చేయి తిరిగినవాళ్ళకి. జంతికల పిండికి వేడి వెన్న పట్టించి, పిడికిట పడితే ముద్దవుతోందా అని చూసుకునేవాళ్ళకి. వాళ్ళు బాగా కలిపితే ఏమవుతుంది? పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ బిగుసుకుని బిస్కెట్ అట్టలా వస్తుంది. ఇక్కడ అంతా తలకిందులు. వెన్న ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినదై ఉండాలి. ముక్కలు కోసి పిండిలో వేసి, వేళ్ళ కొసలతో శనగపప్పు బద్దలంత అయ్యేదాకా నలపాలి. పూర్తిగా కలిసిపోకూడదు. వెన్నలో కొంత నీరు ఉంటుంది. ఓవెన్ వేడికి ఆ ముక్క కరిగి, నీరు ఆవిరై, ఉన్నచోట ఖాళీ వదులుతుంది. ఆ ఖాళీలే పొరలు. తడి పోశాక చెంచాతో ఎనిమిది పది తిప్పులు. ఇంకా పొడి పిండి అక్కడక్కడా కనిపిస్తుండగానే ఆపెయ్యాలి. మన చేతికి అది పాపం చేసినట్టు ఉంటుంది. ఆ మాటా రాయి.

వరస కూడా తప్పింది. నువ్వు ముందు పిండి తడిపి, తర్వాత పీచ్‌ల తోలు తీయించావు. బేకింగ్ పౌడర్ తడి తగలగానే ఒకసారి, వేడి తగిలాక ఇంకోసారి పనిచేస్తుంది. నువ్వు పళ్ళు ఒలుస్తూ కూర్చున్న అరగంటలో ఆ మొదటి పొంగు కాస్తా పోయింది. పళ్ళు ఓవెన్‌లో కాగుతుండగా, చివరి ఐదు నిమిషాల్లో తడపాలి. తోలు తీయడానికి నువ్వు చాకు వాడావు, సగం కండ తోలుతో పోతుంది. మరిగే నీళ్ళలో అర నిమిషం ముంచి చన్నీళ్ళలో వేస్తే టమాటా తోలులా ఊడివస్తుంది. ‘రెండుగా చీల్చి గింజ తీసేయండి’ అన్నావు. మే నెలలో ముందుగా వచ్చే రకాలకి గింజ కండని వదలదు, చీల్చబోతే చేతిలో గుజ్జవుతుంది. జూన్ సగం దాటాక వచ్చేవాటికి గింజ తేలిగ్గా ఊడుతుంది. ఏ నెలలో చేశావో రాయకపోతే చదివినవాళ్ళు తమ చేతిదే తప్పనుకుంటారు.

చరిత్ర పేరా మొత్తం మళ్ళీ రాయాలి. జార్జియా పీచ్‌లకి పుట్టిల్లు కాదు. ఆ చెట్టు చైనాది. ఈ దేశంలో ఎక్కువ పండించేదీ జార్జియా కాదు, కాలిఫోర్నియా. పక్కనున్న సౌత్ కరొలైనా కూడా మనకంటే ఎక్కువే పండిస్తుంది. మరి జార్జియాకి పీచ్‌ల పేరెందుకు వచ్చిందంటే, 1870లలో ఇక్కడి మార్షల్‌విల్ అనే ఊళ్ళో శామ్యూల్ రంఫ్ అనే రైతు ఒక కొత్త రకం పండించి, దానికి భార్య పేరు పెట్టాడు, ఎల్బెర్టా అని. పసుపు కండ, ఊడే గింజ, దూరప్రయాణం తట్టుకునే ఒళ్ళు. ఐసు పెట్టి రైల్లో ఉత్తరాదికి పంపారు. పంపడానికి వీల్లేనంత మగ్గిన పండుకి కాబ్లర్‌ని మించిన గతి ఏముంటుంది చెప్పు? చరిత్ర రాయాలనుంటే పళ్ళెంలోకి వచ్చి పడే చరిత్ర రాయి. లేదా 2023 సంగతి రాయి: చెట్టుకి కావలసిన చలి పడక, త్వరగా పూసిన పూత మీద మంచు పడి, జార్జియా పంటలో 90 శాతానికి పైగా పోయింది. ఆ ఏడు నేను ఫ్రీజర్ సంచుల్లో ముక్కలతో చేశాను. కరిగాక వచ్చిన రసాన్ని విడిగా మరిగించి సగం చేసి కలపకపోతే పళ్ళెం చెరువే.

కొలతలు కప్పుల్లో ఇచ్చావు. ఒకరు ముంచే కప్పు పిండి 120 గ్రాములుంటే ఇంకొకరిది 150 ఉంటుంది. నావి ఇవి: ఒలిచిన పీచ్ ముక్కలు 900 గ్రాములు, పంచదార 100, కార్న్‌ఫ్లోర్ ఒకటిన్నర పెద్ద చెంచాలు, నిమ్మరసం ఒక పెద్ద చెంచా, చిటికెడు ఉప్పు. పైకి మైదా 190 గ్రాములు, బేకింగ్ పౌడర్ రెండు చిన్న చెంచాలు, బేకింగ్ సోడా పావు చిన్న చెంచా, ఉప్పు అర చిన్న చెంచా, పంచదార రెండు పెద్ద చెంచాలు, చల్లటి వెన్న 85 గ్రాములు, బటర్‌మిల్క్ 160 మిల్లీలీటర్లు అటూఇటూ. ఉప్పు వెన్నయితే పిండిలో ఉప్పు తగ్గించాలి.

చివరి వాక్యం, ‘పీచ్ దొరక్కపోతే మామిడి వాడుకోవచ్చు’. చేసి చూశావా? నేను చూశాను, మా చెల్లెలింట్లో, మే నెలలో, కరెంటు పోతూ వస్తూ ఉండగా. రసాలు పనికిరావు, పీచు తప్ప ఏమీ మిగలదు. బంగినపల్లి ముక్క నిలబడుతుంది. కానీ పులుపు తక్కువ, నీరు తక్కువ. నిమ్మరసం రెట్టింపు చేసి, పంచదార సగం చేసి, కార్న్‌ఫ్లోర్ ఒక చెంచాకి దించాను. కాగాక తాండ్ర వాసన వచ్చింది. మా మరిదికి నచ్చింది, నాకు నచ్చలేదు. నువ్వు చేసి రాస్తే వేరే వ్యాసం అవుతుంది. చేయకపోతే ఆ వాక్యం తీసెయ్.

జూన్ నెలాఖరుకి గింజ ఊడే పళ్ళు వస్తాయి. ఒక శనివారం నీ పళ్ళెం తీసుకుని మా ఇంటికి రా. పిండి, వెన్న నా దగ్గరున్నాయి. పళ్ళు మాత్రం నువ్వే తే, అదీ కడిగి తే. ఆ నూగు నాకు అస్సలు పడదు.

నీ పిన్ని