చీర జోలికి పోకు, జాకెట్టు సంగతి చూడు

చిరంజీవి మేనకోడలికి, పాలకొల్లు నుంచి అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన ఫ్యాషన్ షోల వీడియోలన్నీ చూశాను. పారిస్‌వి, మిలాన్‌వి, ముంబయివి, ఢిల్లీవి. నచ్చినవి కొన్ని రెండోసారి కూడా పెట్టుకుని చూశాను. అన్నిటికింద నువ్వు అడిగింది ఒక్కటే: “అత్తయ్యా, వీటిలో భీమవరంలో ఏది నడుస్తుంది?” ఫోనులో చెబితే సగం నీ చెవిన పడదు, మిగతా సగం నేను మరిచిపోతాను. అందుకని కాగితం మీద పెడుతున్నాను. నీ జాకెట్ల కొట్టు తెరిచేలోగా తీరిగ్గా చదువుకో.

ముందే తేల్చి చెబుతున్నాను. మన గోదావరి డెల్టాలో ఫ్యాషన్‌కు తగ్గట్టు మారేది జాకెట్టు. చీర మారదు. పట్టుచీర కొనే ఆవిడ అది కూతురి పెళ్లికి కూడా కట్టుకోవాలనుకునే కొంటుంది. జాకెట్టు మాత్రం నాలుగేళ్లకు ఎలాగూ బిగుతవుతుంది, కొత్తది కుట్టించుకోక తప్పదు. కొత్తదనానికి ఆవిడ ఇంట్లో దొరికే చోటు అదే. కాబట్టి షోలో నిన్ను ఎంత పెద్ద సంగతి ఊపేసినా, నీ కొట్టుకు వచ్చేసరికి అది చేతుల్లోనో మెడలోనో కుచ్చుల్లోనో కనిపించాలి. చీర సంగతి నేతగాడికి వదిలెయ్.

ఇక షో చూసే పద్ధతి. మొదట శబ్దం తీసెయ్. ఆ సంగీతం, ఆ లైట్లు, ఆ పిల్ల నడక అన్నీ కలిస్తే గోనెసంచి కూడా పట్టులా కనిపిస్తుంది. పైగా ర్యాంప్ మీది పిల్ల కూర్చోదు, వంగదు, చెమట పట్టదు. మన పెళ్లికూతురు పీటల మీద గంటల తరబడి కూర్చోవాలి, తలంబ్రాలకు చేతులెత్తాలి, పెద్దల కాళ్లకు దణ్ణాలు పెట్టాలి. అందుకే చేతులు, మెడ, బట్ట, రంగు, ఈ నాలుగే చూడమంటాను. నడుం కింద వాళ్లు ఎన్ని విన్యాసాలు చేసినా మనకు పనిలేదు, అక్కడ చీర ఉంటుంది. ఒక డిజైనర్ దగ్గర మాత్రమే కనిపించినది ఆయన ముచ్చట. ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురు నలుగురి దగ్గర అదే కనిపించిందా, అప్పుడు పుస్తకంలో రాసుకో.

తేదీల లెక్క నీకు కాలేజీలో చెప్పే ఉంటారు. పారిస్‌లో ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో చూపించేవి రాబోయే చలికాలానివి. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో చూపించేవి మరుసటి ఏడాది వేసవివి. పెద్ద దుకాణాలవాళ్లు చూసి, ఆర్డరిచ్చి, సరుకు తెప్పించుకోవడానికి ఆ గడువు కావాలి. సూరత్‌కు అంత గడువు అక్కర్లేదు. ఫొటో బయటికి రావడమే ఆలస్యం, ఆ పువ్వు జార్జెట్ మీద అచ్చయిపోతుంది. రాజమండ్రి తాడితోట కాంప్లెక్సులోనూ ద్వారపూడిలోనూ కట్టలు దిగుతాయి. అక్కడ అది కుప్పలుగా కనిపించిందంటే నీకు పాతబడినట్టే. ధరలో సూరత్‌తో పోటీ పడలేవు, పడాలని కూడా చూడకు.

మన ఏడాది లెక్క వేరు. సార్వా పంట డబ్బులు ఎప్పుడొస్తాయి, దాళ్వా పంట డబ్బులు ఎప్పుడొస్తాయి, మూఢమి ఎన్నాళ్లు, ఆషాఢం ఎప్పుడు పోతుంది? క్యాలెండరు మీద ముందు ఇవి గుర్తు పెట్టుకో. ఢిల్లీలో పెళ్లిబట్టల షోలు జులైలో జరుగుతాయి. వాటి ఫొటోలు కార్తీకం, మాఘం ముహూర్తాలవాళ్ల ఫోన్లలో నీ కొట్టుకు వస్తాయి. మధ్యలో దొరికే ఆ మూడు నాలుగు నెలలే నీకు సాధన చేసుకునే సమయం. ఫొటో చూపించినప్పుడు “చూస్తానండీ” అనే టైలరుకు, “ఇది కుట్టానండీ, ఇదిగో” అని తీసి చూపించే టైలరుకు చాలా తేడా ఉంది. సంక్రాంతి ముందు మాత్రం డిసెంబరు సగం దాటాక కొత్త జాకెట్టు ఒప్పుకోవద్దు. కొత్త అల్లుడు వచ్చే ఇల్లు అని ఎవరు బతిమాలినా సరే.

రంగులకు వద్దాం. పాంటోన్ అనే రంగుల సంస్థ 2000 నుంచి ఏటా ఒక రంగును ఏడాది రంగుగా ప్రకటిస్తోంది. 2024లో పీచ్ ఫజ్ అన్నారు, కనకాంబరానికి దగ్గరి లేత రంగు. 2025లో మోకా మూస్, కాఫీ రంగు. 2026కు క్లౌడ్ డ్యాన్సర్ అంటూ తెలుపు. వీటిని వేదవాక్కుగా తీసుకోకు గానీ, చూడకుండా వదిలేయకు.

లేత రంగుల మోజు మనదేశపు పెళ్లిళ్లలో బలపడింది 2017 డిసెంబరు తర్వాత. ఆ నెలలో ఇటలీలో జరిగిన పెళ్లికి సినిమా నటి అనుష్కా శర్మ, డిజైనర్ సబ్యసాచి తయారుచేసిన లేత గులాబీ లెహంగా వేసుకుంది. అందంగా లేదని ఎవరూ అనలేరు. కానీ మన తలంబ్రాలలో పసుపు ఉంటుంది. లేతరంగు ఆర్గంజా, అంటే ఆ పలచని నిలువెత్తు బట్ట, దాని మీద తడిచేతి పసుపు పడిందనుకో, కంగారుపడి ఎవరో ఒకరు సబ్బు రుద్దుతారు. సబ్బులోని క్షారానికి పసుపు కాస్తా ఎర్రబడుతుంది. అప్పుడు తల్లి, కూతురు ఇద్దరూ నీ కొట్టు ముందు నిలబడతారు. లేతవన్నీ నిశ్చితార్థానికీ రిసెప్షన్‌కూ చూపించు. ముహూర్తానికి ఆ రంగే కావాలని అమ్మాయి పట్టుబడితే కాదనకు, ఈ సంగతి ముందే చెప్పు.

కాఫీ రంగు నాకు చాలా నచ్చింది. అయితే చామనచాయ ఒంటి మీద అది ఒంటరిగా ఉంటే మొహం వాడినట్టు కనిపిస్తుంది. మగ్గిన బంగారు రంగు అంచు ఒకటి పక్కన పడితే చాలు, మనిషికే కళ వస్తుంది. మెరిసే కొత్త జరీ వద్దు. మెంతిరంగు, గంధం రంగు చీరల మీదికి కాఫీపొడి రంగు జాకెట్టు వేసి చూడు, నేను చెప్పింది నీకే తెలుస్తుంది.

తెలుపు దగ్గరే మనకు అసలు పని ఉంది. హిందువుల ఇళ్లలో శుభకార్యానికి అంచులేని తెల్లచీర తీసుకోరు, పెద్దవాళ్లు మొహం తిప్పుకుంటారు. మధుపర్కాలు తెల్లనివే అయినా వాటికి రంగు అంచు ఉంటుంది. మన చర్చిలకు వెళ్లేవాళ్ల సంగతి అలా కాదు. క్రిస్మస్‌కు తెలుపు, పెళ్లికి తెలుపు. నరసాపురం, పాలకొల్లు, భీమవరం చుట్టూ ఆ కుటుంబాలు ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు. డిసెంబరులో వాళ్లకు మంచి తెల్ల జాకెట్టు చూపించే కొట్లు ఎన్ని? అందరూ ఎర్రపట్టు వెంటే పడతారు.

ఆ తెల్ల జాకెట్టు మీదికి కావలసింది నీ ఇంటి పక్కనే తయారవుతోంది. నరసాపురం లేసు అల్లిక పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా మన ఆడవాళ్ల చేతికి వచ్చింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇన్నాళ్లూ అది టేబుల్ గుడ్డలుగా, దిండు గలీబులుగా పడవెక్కి పోయింది. నువ్వు పంపిన వేసవి షోలలో అల్లికల గౌన్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టావా? వాళ్లు ఒళ్లంతా అల్లిక వేస్తారు. నువ్వు మోచేతి దగ్గర నాలుగంగుళాలు వెయ్యి, చాలు.

వేసే పద్ధతి చెబుతాను, దీన్ని తేలిగ్గా తీసుకోకు. చేతి లేసు నూలుదారంతో అల్లుతారు, తడిస్తే ముడుచుకుంటుంది. జాకెట్టుకు పెట్టేముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో అద్ది, బల్ల మీద పరిచి నీడన ఆరనివ్వు. ఆరాక తిరగేసి ఇస్త్రీ చెయ్. ఆ తర్వాత కొలిచి కత్తిరించు. కత్తిరించిన అంచు ఊడిపోకుండా వెంటనే దారంతో కట్టెయ్. మిషను మీద పెట్టకు, పాదం కింద గళ్లు సాగిపోతాయి. సూదితోనే, దగ్గర కుట్లతో వెయ్యి. ఇవేవీ చేయకపోతే మొదటి ఉతుక్కే లేసు లాక్కుని చెయ్యి మొత్తం ముడతలు పడుతుంది. మిషను లేసు ఇచ్చి చేతిలేసు అని చెప్పేవాళ్లుంటారు జాగ్రత్త. చేతి అల్లికలో గళ్లన్నీ అచ్చుగుద్దినట్టు ఉండవు, కళ్లజోడు పెట్టుకుని చూస్తే తెలుస్తుంది. దళారి దగ్గర కాకుండా అల్లే ఆవిడ దగ్గరికే వెళ్లి ముక్కకింత అని కాస్త ఎక్కువే ఇవ్వు. కొట్టులో ఆవిడ ఊరు పేరు చెప్పి అమ్ము. 2023 మార్చిలో పారిస్ కంపెనీ డియోర్ వాళ్లు ముంబయి గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు షో పెట్టినప్పుడు నాకు బట్టలకంటే ఎక్కువ నచ్చింది వెనకాల కట్టిన ఆ పెద్ద తోరణం. ముంబయిలోని చాణక్య ఎంబ్రాయిడరీ వాళ్లు చేతితో కుట్టింది. పారిస్ కంపెనీ ఎంబ్రాయిడరీ పనివాళ్ల సత్తా అంత బాహాటంగా చూపిస్తే, మనం మన లేసు ఎవరు అల్లారో దాచుకోవడం ఏమిటి?

డిజైనర్ రాహుల్ మిశ్రా పనిని మాత్రం తీరిగ్గా చూడు. కుట్యూర్ అంటే చేత్తో కుట్టే ఖరీదైన బట్టలు; 2020 జనవరిలో పారిస్ కుట్యూర్ వారానికి పిలుపు అందుకుని షో చేసిన మొదటి భారతీయ డిజైనర్ ఆయన. ఆయన కుట్టుపని ఎక్కడ మొదలై ఎక్కడ పలచబడుతుందో గమనించు. మన మగ్గం వర్కువాళ్లకు ఖాళీ జాగా కనిపిస్తే చేతులు ఆగవు. ఖాళీ వదలమని నువ్వే చెప్పాలి.

బుట్ట చేతుల మాట. కొన్నేళ్లుగా యూరప్ షోలలో ఇవే ఇవే. మా అమ్మమ్మల రవికలకు ఉన్నవే కాబట్టి మనవాళ్లకు పరిచయం చేయనక్కర్లేదు. అయితే షోలో గౌనుకు వేసింది చూసి చీర జాకెట్టుకు అలాగే దించకు. ఎడమ భుజం మీద పైట పడుతుంది, పిన్ను గుచ్చుకుంటారు. పట్టుకొంగు బరువుకు ఎడమ బుట్ట అణిగిపోతుంది, కుడిది పొంగి ఉంటుంది. ఫొటోలో ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి కనిపిస్తుంది. అందుకని బుట్టను భుజం ఎముక మీద కాకుండా కాస్త కిందికి దించి మొదలుపెట్టు, రెండువైపులా ఒకేలా. కుచ్చులన్నీ పైనే పడాలి. చంక వైపు జారితే మనిషి లావుగా కనిపిస్తుంది, చెయ్యెత్తితే పట్టేస్తుంది. ఆర్గంజా అయితే మన ఉక్కపోతకు గంటలో వాలిపోతుంది. లోపల గట్టి నెట్ ముక్క ఒకటి దన్నుగా వేయించు, దాని అంచు ఒంటికి గుచ్చుకోకుండా మెత్తని నూలు పట్టీ కట్టించు.

నడుం బిగించే కార్సెట్ జాకెట్లు కుట్టమని అడుగుతారు. నిలబడి ఫొటోలు దిగే సంగీత్‌కు సరే. నేలమీద కూర్చోవలసిన కార్యానికి నిలువు కుట్లతో ఒంటికి అమరే ప్రిన్సెస్ కట్ చాలు. ముందే కుచ్చిళ్లు కుట్టిన చీరలకు కూడా గిరాకీ ఉంది. జార్జెట్ అయితే కుట్టు, పట్టుచీరకు కత్తెర పెట్టకు. కుచ్చిళ్లు పెట్టి ఇస్త్రీ చేసి ఇస్తే అదీ ఒక ఆదాయమే.

చీరలు అసలు పెట్టనా అని అడుగుతావు. పెట్టు, కొద్దిగా. రోజువారీ కట్టుకు బండారులంక నూలు, పండక్కి ఉప్పాడ జాందానీ. హైదరాబాద్ డిజైనర్ గౌరాంగ్ షా జాందానీనే నమ్ముకుని దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఉప్పాడకు 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక్కో మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని బుటా బుటాకూ దారం చేత్తో పెడతారు. కొనేటప్పుడు చీర తిరగేసి వెనకవైపు వేలితో రాయి. వదులు దారాలు తగిలితే అది జాందానీ కాదు. ఆ చీర మీదికి రాళ్ల జాకెట్టు మాత్రం ఎవరికీ కుట్టి ఇవ్వకు. రాయి కొస తగిలి పైట దారం లేస్తుంది, ఆ నేతకు ఎంత డబ్బు పోశారో ఆ క్షణంలో గుర్తొస్తుంది. సాదా జాకెట్టు, చేతికి సన్నని పైపింగ్. అంతే.

మిలాన్‌లో 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా వాళ్లు కొల్హాపురి చెప్పుల్లాంటివి చూపించి, ఎక్కడివో చెప్పనందుకు చీవాట్లు తిన్నారు. నువ్వు పంపిన వీడియోలలో మన లేసు, మన బుట్ట, మన ఓణీ అలాగే తిరిగొస్తున్నాయి. పెద్దపేరు చూసి కొత్త అనుకోకు. ఊళ్లో ఎవరి దగ్గర ఉందో వెతుకు.

ఆషాఢం రాకముందే నమూనా జాకెట్లు కొన్ని కుట్టు. రెండు తెల్లవి లేసుతో, రెండు బుట్ట చేతులవి, ఒకటి కాఫీపొడి రంగుది. తానులకు తానులు కొనిపెట్టకు, జాకెట్టు ముక్కలే తెచ్చుకో. కుట్టాక గంజి పెట్టకుండా, ఇస్త్రీ చేయకుండా బస్సు పార్శిల్లో పంపించు. నేను ఒకసారి ఉతికి చూసి ఏది నిలుస్తుందో చెబుతాను.

మీ అత్తయ్య